మడతలో మొహం పడకూడదు

మేడమీది ఆఫీసు గది,
ఎండలు ముదిరిన రోజులు

పిచ్చుకమ్మకి,

ఉత్తరం చూసి కంగారుపడకు, అందరం క్షేమం. అందరం అంటే నేనూ, కింద వాటాలో ఉన్న దర్జీ కుటుంబమూ, బీరువా మీద కాపరం పెట్టిన పిల్లీ. ఫోను చేతిలో ఉండగా ఈవిడకి ఉత్తరాల పిచ్చి ఎందుకు పట్టింది అనుకుంటావు. ఫోన్లో నువ్వు నన్ను ఒక్క మాట పూర్తి చెయ్యనిస్తే కదా! కాగితం మీదైతే నా మాట అయ్యేదాకా నువ్వు నోరు మూసుకోక తప్పదు.

నీకో పని అప్పచెబుతున్నాను. మన ప్రచురణ సంస్థ చరిత్ర నువ్వు రాయాలి. ఫోటోల పుస్తకాలు తప్ప ఇంకోటి వెయ్యకుండా, ఏ పెద్ద కంపెనీ పంచనా చేరకుండా ఇన్నేళ్ళు ఎలా నెట్టుకొచ్చామో ఎవరో ఒకరు చెప్పాలి కదా. మీ అన్నయ్య బతికి ఉంటే ఆయనే రాసేవారు. అబద్ధం, రాస్తాను రాస్తాను అంటూ ఇంకో పదేళ్ళు గడిపేసేవారు. నాకు రాయడం చేతకాదు, ఎదుటివాళ్ళ రాతలో తప్పులు పట్టడమే వచ్చు. నువ్వు మొదటి పుస్తకం నాటి నుంచీ ఉన్నదానివి. ఆసుపత్రి ఉద్యోగం వచ్చి ఆ ఊరు వెళ్ళిపోయినా, సెలవు దొరికితే ఇక్కడే వచ్చి వాలేదానివి.

తెలియనివాళ్ళ కోసం మొదటి నుంచీ చెప్పు. మీ అన్నయ్య స్టూడియోలో ఫోటో దిగి, మళ్ళీ వచ్చి తీసుకెళ్ళనివాళ్ళ ఫోటోలతో అట్టపెట్టెలు నిండిపోవడం. పారేద్దామని నేనూ, ప్రాణం పోయినా పారెయ్యనని ఆయనా పోట్లాడుకుంటుంటే నువ్వు కాలేజీ నుంచి వచ్చి వాటిని గదంతా నేలమీద పరిచెయ్యడం. సందుల్లో కాళ్ళు పెట్టుకుంటూ గెంతుతున్న నిన్ను చూసి ఆయన పిచ్చుక అని పేరు పెట్టడం. ఆ ఫోటోలే మన మొదటి పుస్తకం కావడం. అన్నీ రాయి.

చిక్కల్లా ఒకటే. దీపం కిందే చీకటన్నట్టు, ఊరందరి మొహాలూ అచ్చువేసిన మనకి మన ఫోటో లేదు. ముగ్గురం కలిసున్నది ఒక్కటే దొరికింది, మా పెళ్ళిరోజుది. కెమెరాకి టైమర్ పెట్టి మీ అన్నయ్య పరిగెత్తుకొచ్చారు చూడు, అదీ. నేను కుర్చీలో కొయ్యబొమ్మలా కూర్చున్నాను. నువ్వు నవ్వు ఆపుకోలేక కదిలిపోయి మసగ్గా పడ్డావు. ఆయనది ఒట్టి వీపు. ఇది పెట్టుకుని చరిత్ర ఏం వేస్తాం చెప్పు?

బద్ధకించకుండా మొదలుపెట్టు.

నీ వదిన

*

ఆసుపత్రి క్వార్టర్స్,
అదే వేసవి

వదినా,

నన్ను నోరు మూసుకోమని చెప్పడానికి స్టాంపు కూడా అంటించావంటే నీ ఓపికకి దండం పెట్టాలి.

రాస్తాను. రాయడం మొదలుపెట్టేశాను కూడా. నువ్వు చెప్పినది మొదటి అధ్యాయం. దానికి నేనొకటి కలిపాను, నీకు గుర్తుందో లేదో. ఆ పుస్తకం వచ్చిన కొత్తలో ఒకావిడ దాన్ని చంకలో పెట్టుకుని స్టూడియోకి వచ్చి, ఒక పేజీ తెరిచి, "ఇది నేనే. ఇప్పుడు ఇస్తారా నా ఫోటో?" అంది. అన్నయ్య రశీదు అడిగాడు! నువ్వు ఆయన్ని లోపలికి పంపించేసి, ఆవిడని కూర్చోబెట్టి ఫోటో చేతిలో పెట్టావు. పెళ్ళి చూపుల కోసం దిగిందట. తీరా ఆ సంబంధమే నచ్చక ఫోటో సంగతి వదిలేసిందట. "ఇప్పుడు చూస్తే బాగానే ఉన్నాను కదమ్మా" అంటూ మురిసిపోయింది.

రెండో అధ్యాయం గడియారాలు బాగుచేసే ఆయనది. రెండు పేజీలకీ పరుచుకునేలా ఆయన ఫోటో వేస్తే మొహం సరిగ్గా మడతలో పడింది. ఒక కన్ను ఈ పేజీలో, ఒక కన్ను ఆ పేజీలో, ముక్కు దారపు కుట్టు లోపల. ఆయన పుస్తకం చూసుకుని, "నన్ను నడిమికి కుట్టేశారేంటమ్మా" అన్నాడు. ఆ వేళ నువ్వు పెట్టిన రూలే కదా, చచ్చినా మడతలో మొహం పడకూడదని. ఆ తర్వాత ఎంత గొప్ప ఫోటో అయినా, తీసినవాళ్ళు ఎంత మొత్తుకున్నా నువ్వు ఒప్పుకోలేదు. ఒకాయన అలిగి వెళ్ళిపోయి, ఆర్నెల్లకి తిరిగొచ్చి, ఫోటో చిన్నది చేసుకుంటానన్నాడు.

బొమ్మల సంగతి నాకొదిలెయ్యి. అచ్చు మెషిన్ మీద రంగు కుదిరేదాకా పాత షీట్లనే మళ్ళీ మళ్ళీ ఎక్కిస్తారు కదా, బొమ్మ మీద బొమ్మ పడిన ఆ వేస్టు షీట్లు వచ్చినప్పుడల్లా నేను పట్టుకొచ్చుకునేదాన్ని. మా వంటింటి అరలన్నిటిలో అవే పరిచాను. పప్పు డబ్బా ఎత్తితే పడవవాళ్ళ పుస్తకం, దాని మీదే పాత సినిమా హాళ్ళ పుస్తకం. పడవలో నలుగురు కూర్చుని సినిమా చూస్తున్నట్టు ఉంటుంది. ఇంతకంటే నిజమైన చరిత్ర ఏముంది?

ఒక మాట. మొన్న వచ్చిన మన పుస్తకంలో గుమ్మం ఫోటో ఉంది. కింద "మా నాయనమ్మ" అని వేశారు. గుమ్మం ఉంది, చీకటి ఉంది, నాయనమ్మ లేదు. రోజంతా ఎక్స్‌రేల్లో బూడిదరంగు మీద బూడిదరంగు చూసే కళ్ళు నావి, నాకే దొరకలేదు. మెషిన్ వాళ్ళు ఇంకు గుమ్మరించినట్టున్నారు. కాస్త గట్టిగా అడుగు.

నా రిటైర్మెంటు దగ్గరకొస్తోంది. తర్వాత ఏం చెయ్యాలో ఇంకా అనుకోలేదు. ఎవరు పిలుస్తారో చూడాలి.

పిచ్చుక

*

మేడమీది గది,
మొదటి వాన పడిన వారం

పిచ్చుకా,

అధ్యాయాలు అందాయి. బాగున్నాయి. రశీదు సంగతి తీసెయ్యి, చచ్చిపోయిన మనిషి పరువు తియ్యకు. వద్దులే, ఉంచు. ఆయనైతే చదివి నవ్వేవారు.

మెషిన్ వాళ్ళని ఏమీ అనకు. ఆ షీటుకి సరే అన్నది నేను. ఆ సంగతి అక్కడితో వదిలెయ్యి.

ఇంకో ముఖ్యమైన విషయం. ఈ చరిత్ర పుస్తకంతో మన ప్రచురణ ఆపేద్దామని అనుకుంటున్నాను. అనుకోవడమేంటి, అనేసుకున్నాను. కాగితం దొరకడం కష్టంగా ఉంది. పుస్తకాల షాపులు ఒక్కోటీ చెప్పుల షాపులైపోతున్నాయి. ఈ మెట్లు ఎక్కి దిగలేకపోతున్నాను. మంచి పేరు ఉండగానే తలుపు వేసుకోవడం మర్యాద. అందుకని ఆఖరి అధ్యాయం నిండుగా, ఎవరినీ ఏడిపించకుండా రాయి. నువ్వైతే సరిగ్గా రాస్తావు.

వాన బాగా కురుస్తోంది. పిల్లి అలిగి కిందకి రావడం లేదు.

నీ వదిన

*

ఆసుపత్రి క్వార్టర్స్,
వానాకాలం

వదినా,

రాయను. ఆఖరి అధ్యాయం రాయను గాక రాయను.

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట నీలాంటివాడే. కాగితం ఎప్పుడు సులువుగా దొరికింది మనకి? షాపులవాళ్ళు ఎప్పుడు ఎర్ర తివాచీ పరిచారు? ఆ మెట్ల మీద షీట్ల కట్టలు మోసి, పైకొచ్చి నన్ను కూలిదానిలా తిట్టిన మనిషివి, ఇప్పుడు ఒట్టి చేతులతో ఎక్కలేకపోతున్నావా? నువ్వు చరిత్ర రాయమన్న రోజునే నాకు అనుమానం వచ్చింది. బతికున్నవాళ్ళు పని చేసుకుంటారు గానీ చరిత్ర రాయించుకోరు.

నీ ఉత్తరం పక్కన మొదటి ఉత్తరం పెట్టుకుని చూశాను. మొదటిదాంట్లోనే అక్షరాలు రేగిపళ్ళంత ఉన్నాయి, ఇప్పుడు నిమ్మకాయలంత అయ్యాయి. వరసలు కాగితం చివరికొచ్చేసరికి కిందకి జారిపోతున్నాయి. కవరు మీద నా చిరునామా సగం స్టాంపు మీద రాశావు. పోస్ట్‌మాన్ నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలిసినవాడు కాబట్టి సరిపోయింది.

ఆ గుమ్మం సంగతి అడిగితే గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నాలుగు మాటల్లో కట్టేశావు. నిజం చెప్పు. ఆ నాయనమ్మ నీకు కనబడిందా?

కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు పెద్దలు. మిగతా సగం మొగుడు లేడు కాబట్టి మొత్తం పెత్తనం నాదే, నోరెత్తకు. నువ్వు చూపించుకున్నట్టు రాసేదాకా మూడో అధ్యాయం నీకు పంపను. అందులో నువ్వు కాగితం షాపాయనతో పోట్లాడిన ఘట్టం బ్రహ్మాండంగా వచ్చింది. చదవకుండా ఎన్నాళ్ళుంటావో నేనూ చూస్తాను.

కోపంతో,
పిచ్చుక

*

మేడమీది గది,
వాన తెరిపిచ్చిన రోజు

పిచ్చుకా,

నువ్వు చిన్నప్పుడూ ఇంతే. బొమ్మలో ఎక్కడ మచ్చ ఉంటే సరిగ్గా అక్కడే వేలు పెట్టేదానివి.

నీ ఉత్తరం ఇంకు చుక్కలు చూసే భూతద్దంతో చదివాను. ఒక్కో పదం పట్టుకుని చదువుతుంటే నీ తిట్లు మరీ పెద్దవిగా కనిపించాయి.

కనబడలేదు. ఆ రోజు మెషిన్ దగ్గర లైటు కింద షీటు పరిచారు. మెషిన్ మేస్త్రీ అడిగాడు, "ముసలమ్మ ఉందా అమ్మా?" అని. నాకు నల్లటి గుమ్మం తప్ప ఏమీ కనబడలేదు. పక్కనే ఆ ఫోటోలు తీసిన అమ్మాయి నిలబడి ఉంది. ఇన్నేళ్ళలో నా మాట మీద మెషిన్ ఆగింది, నా మాట మీద నడిచింది. ఆ నిమిషంలో "నాకు కనబడటం లేదయ్యా" అనలేకపోయాను. "ఉంది, కానివ్వు" అన్నాను.

పుస్తకం కుట్టయి వచ్చాక ఆ అమ్మాయి ఇక్కడికొచ్చింది. వాళ్ళ నాయనమ్మ పోయింది, ఆవిడ ఉన్న ఫోటో ఆ పుస్తకంలో అదొక్కటే. ఆ పేజీ తెరిచింది. చాలాసేపు చూసింది. తలెత్తి నా వంక చూసి, "గుమ్మం చాలా బాగా వచ్చింది ఆంటీ" అంది. కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

నువ్వనుకున్నట్టు నేను మొండికేసి డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా లేను. భయపడి వెళ్ళడం లేదు. వెళితే, ఇంక లాభం లేదమ్మా అంటే? వెళ్ళనంతకాలం రేపు బాగవుతుందేమో అనుకుంటూ బతకొచ్చు. గుడ్డి కన్నా మెల్ల నయం అని సరిపెట్టుకుంటున్నాను. ఫోటోలు చూడలేని మనిషి ఫోటోల పుస్తకాలు వెయ్యడం ఎంత సిగ్గుచేటో నీకు వేరే చెప్పాలా? పుస్తకాలు పోతే నాకు ఇంకేం మిగులుతుందో ఆలోచించడానికే చేతకావడం లేదు. అందుకే నేనే ఆపేశానని చెప్పుకుంటే బాగుంటుందనిపించింది.

ఇదీ సంగతి. ఇప్పుడు తిట్టు.

వదిన

*

క్వార్టర్స్

వదినా,

నువ్వు చదువుకోవాలని పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. తిట్టను. సెలవు పెట్టాను. శుక్రవారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. మనిద్దరం కలిసే డాక్టరు దగ్గరికి వెళదాం. లాభం లేదు అంటే ఆ మాట ఇద్దరం విందాం. నేను వచ్చేదాకా ఏడవకు, వచ్చాక కావాలంటే కలిసి ఏడుద్దాం.

మూడో అధ్యాయం చేతికే ఇస్తాను.

పిచ్చుక

*

మేడమీది గది,
చలి మొదలైంది

పిచ్చుకా,

ఈ అక్షరాలు చూడు. ఆవగింజలంత రాస్తున్నాను, కావాలనే. నువ్వే ఇప్పుడు భూతద్దం తెచ్చుకో.

నువ్వు ఆపరేషన్ చేయించి, కట్టు విప్పించి, నాలుగు రోజులు నన్ను మంచం దిగనివ్వకుండా కాపలా కాసి వెళ్ళాక చాలా జరిగాయి. ఉత్త పొర! కంటి మీద పొర పెరిగిందని, తీస్తే పోతుందని ఆ డాక్టరు నవ్వుతూ చెబుతుంటే ఇన్నాళ్ళు పడ్డ భయమంతా తలుచుకుని నా మీద నాకే ఒళ్ళు మండింది. రెండో కన్ను వచ్చే నెల చేస్తారట.

ఇల్లు ఇంత మురికిగా ఉందని వచ్చినప్పుడు నువ్వెందుకు చెప్పలేదు? మీగడరంగు అనుకుంటూ వచ్చిన గోడ తెల్లగా ఉంది. పిల్లి తెల్లగా ఉంది. మొహం మీద ఇన్ని ముడతలు ఎప్పుడు వచ్చాయో నాకు తెలియనే తెలియదు. అద్దం ముందు నిలబడి, ఎవరీ పెద్దావిడ అనుకున్నాను.

అసలు కథ ఇప్పుడు విను. మన పుస్తకాలన్నీ కిందకి దించి వరసగా చూసుకున్నాను. చివరి నాలుగూ తెరిచాను. కాగితం పాలిపోయి నీలం తిరిగి ఉంది, ఆసుపత్రి దుప్పట్లలాగా! కాగితం షాపాయనతో నేను పోట్లాడిన ఘట్టం నువ్వు అంత బ్రహ్మాండంగా రాశావే, "ఇంకా తెల్లది తే, ఇంకా తెల్లది తే" అని ఆయన ప్రాణం తీశానని. పాపం, ఆయన తెచ్చిన తెలుపల్లా నా కంటి పొరలోంచి పసుపుగా కనబడేది. కాగితాన్ని మార్చుకుంటూ పోయాను గానీ కన్ను మార్చుకోవాలని తట్టలేదు. దానికి తోడు ఒక పత్రికలో ఎవరో పెద్దాయన "ఈ ప్రచురణ వారి మంచు తెలుపు" అని మెచ్చుకుంటూ పేజీ రాశాడు. అది కత్తిరించి గోడకి కూడా అంటించుకున్నాను! నవ్వి నవ్వి పక్కనొప్పి వచ్చింది. కింద నుంచి దర్జీ భార్య, ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది. ఇది చరిత్రలో ఉండి తీరాలి. దాచావంటే ఊరుకోను.

ఆ తర్వాత గుమ్మం ఫోటో తీసిన ఆ అమ్మాయిని మళ్ళీ పిలిపించాను. కట్టు విప్పిన రోజు చూడటానికొస్తే చెప్పలేకపోయాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ పిల్ల కోప్పడలేదు, బ్యాగులోంచి ఆ ఫోటో తీసి నా ముందు పెట్టింది. పిచ్చుకా, ముసలమ్మ ఉంది! గుమ్మానికి ఆనుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ చేతి పక్కనుంచి నవ్వు తప్పించుకుని బయటికొచ్చి ఉంది. కెమెరా చూస్తే ఆవిడ అలాగే సిగ్గుపడేదట. అంత నవ్వుని నేను ఇంకులో ముంచేశాను.

ఆ ఒక్క షీటూ మళ్ళీ వేయించాను, కాస్త మీగడరంగు కాగితం మీద. మెషిన్ దగ్గర మేస్త్రీ షీటు పరిచి మళ్ళీ అదే మాట అడిగాడు, "ముసలమ్మ ఉందా అమ్మా?" అని. "ఉంది. నవ్వుతోంది కూడా" అన్నాను. వెంటనే ఆ అమ్మాయి చేతికి భూతద్దం ఇచ్చి, నువ్వూ చూసి చెప్పు అన్నాను. ఇద్దరం సరేనన్నాకే మెషిన్ కదిలింది. మన దగ్గరున్న పుస్తకాలన్నిటిలో ఆ పేజీ మార్చి అతికిస్తున్నాం. కొనుక్కున్నవాళ్ళకి పోస్టులో పంపుతున్నాం.

అలా ఇంకో రూలు పుట్టింది. ఇకమీదట ఏ షీటూ ఒక్కరి కంటి మీద నడవకూడదు. రెండు జతల కళ్ళు ఉండాలి. ఒక జత నాది, సగం కొత్తది. రెండో జత ఎవరిదో నేను చెప్పాలా? ఎవరు పిలుస్తారో చూడాలి అని రాశావు, పిలిపించుకునేదాకా నోరు విప్పకూడదని కూర్చున్నావు. నీకూ నాకూ పొగరు ఒకటే, కాకపోతే నీది నాజూగ్గా ఉంటుంది. ఇదిగో, పిలుస్తున్నాను. రా. మూల గదిలో బల్ల ఖాళీ చేయిస్తాను. ఆ అమ్మాయి కూడా వారానికి మూడు రోజులు వస్తానంది, పుస్తకంలో ఫోటోల వరస పేర్చడం నేర్చుకుంటుందట.

ఇంకొక్క చిక్కు మిగిలింది. కట్టు విప్పిన రోజు ఆ పిల్ల మనల్ని రీలు నిండా ఫోటోలు తీసింది కదా, అన్నీ ఈ కవర్లో పెట్టాను. చరిత్ర పుస్తకం చివర రెండు పేజీలకీ వెయ్యదగ్గది ఒక్కటుంది. నీ భుజం మీద తల పెట్టి నేను పడీపడీ నవ్వుతున్నది. కానీ ఎలా పెట్టినా నా మొహం సరిగ్గా మడతలోకి పోతోంది! నా రూలు నా మెడకే చుట్టుకుంది. నువ్వే ఏదో ఒక దారి చూపించు.

నీ వదిన

*

ఆసుపత్రి క్వార్టర్స్,
చలికాలం, సామాను మూటల మధ్య నుంచి

వదినా,

వస్తున్నాను. ఇంకా ఎన్నాళ్ళకి పిలుస్తావో అని కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్నాను, ఆ మాట ఒప్పేసుకుంటే పోతుంది. నీ ఉత్తరం చదివి ఏడ్చాను. తర్వాత మంచు తెలుపు గుర్తొచ్చి ఎక్స్‌రే గదిలో ఒక్కదాన్నే నవ్వుతుంటే, బయట వరసలో ఉన్నవాళ్ళు నాకే ఫోటో తియ్యాలేమో అనుకున్నారు. నీ కాగితం ఏటికేడూ నీలం తిరుగుతోందని నేనూ గమనించాను, కొత్త ఫ్యాషన్ కాబోలనుకుని ఊరుకున్నాను. రెండు జతల కళ్ళున్నా రెండో నోరు లేకపోతే లాభం లేదు. నీ కొత్త రూలుకి ఇది నా సవరణ.

సామాను సర్దుతున్నాను. మొదట వంటింటి అరల్లో కాగితాలు తీశాను. డబ్బాల గుండ్రటి మరకలతో సహా తెస్తున్నాను, చరిత్రకి అట్ట లోపల అవే వేద్దాం.

ఇక నీ చిక్కు. పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెడతాను, అప్పుడే ఆఖరిది తేలుతుంది. మొదటి పేజీలో మీ పెళ్ళిరోజు ఫోటో పెట్టు. ఒట్టి వీపు అని తీసిపారేశావు. సరిగ్గా చూడు, కొత్త కంటితో. వీపు మనకి చూపించి అన్నయ్య ఎటు పరిగెడుతున్నాడు? కుర్చీలో కూర్చున్న నీ వైపుకే కదా. ఆయన ఫోటో అంతకంటే బాగా ఇంకెవరు తీస్తారు? కనబడని మొహంలో నవ్వు ఉందని నేను పూచీ. ఎదురుగా నిలబడి చూశాను కాబట్టే నవ్వలేక చచ్చి మసగ్గా పడ్డాను.

ఆఖరి రెండు పేజీలకి, తల ఆనించిన ఫోటో వద్దు. అది మేడ మీద గోడకి పెట్టుకుందాం, ఆ పత్రిక ముక్క తీసేసిన చోట. అదే రీల్లో నువ్వొక్కదానివే ఉన్నదొకటి ఉంది, కుడివైపు ఎవరినో తిడుతున్నావు. నేనొక్కదాన్నే ఉన్నదొకటి ఉంది, ఎడమవైపుకి తిరిగి తిట్లు తింటున్నాను. నిన్ను ఎడమ పేజీలో పెట్టు, నన్ను కుడి పేజీలో పెట్టు. మధ్యలో మడత ఖాళీగా ఉంటుంది. రూలు తప్పినట్టూ ఉండదు, ఇన్నేళ్ళు నువ్వక్కడా నేనిక్కడా ఉండి పుస్తకాలు వేసిన సంగతి వేరే చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది.

ఆఖరి అధ్యాయం రాయనని చెప్పాను కదా, మాట మీదే ఉన్నాను. అక్కడ అక్షరాలేవీ వద్దు. చదివినవాళ్ళు ఆ రెండు పేజీలూ చూసి, పుస్తకం మూసి, అరలో పెడతారు. మూసిన పుస్తకంలో నీ మొహమూ నా మొహమూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి.

నీ పిచ్చుక